పుట్టింటి త్రోవ

తొలికానుపునకు ఆడుబిడ్డ పుట్టింటికి బోవుట మన యిండ్లలో నాచారము. చేపలకును ఈ యాచారము గలదన్నచో మా సోదరీమణులు నవ్వుదురు కాబోలు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమున, ఒలింపిక్ పర్వతారణ్యములనుండి దిగి సముద్రమున గలియు ఎల్వా యను నది కలదు. దాని నిడివి సుమారు 72 కిలోమీటర్లే. మన గోదావరి ముందర పిల్లకాలువ. అయినను సాల్మన్, ట్రౌట్ అను చేపల వేటకు అది పేరుపొందినది.

సాల్మన్ పిల్ల యేటిలో పుట్టి, సముద్రమున కొన్నియేండ్లు పెరిగి, గ్రుడ్లు పెట్టు తరుణమున తాను పుట్టిన యేటిని నీటి వాసనబట్టి గుర్తించి యెదురీదుచు వచ్చును. వరదనీటికి గోదావరి యెక్కివచ్చు పులస నెరిగినవారికి ఇది వింతగా దోపదు. అయితే ఈ సాల్మన్ గ్రుడ్లు పెట్టిన కొలదిదినములకే మరణించును. ఆ కళేబరములు ఎలుగుబంట్లకు ఆహారమును, అడవిచెట్లకు ఎరువును అగును. ఎల్వాలో చినూక్ అను జాతి సాల్మన్ 45 కిలోల వరకు తూగెడిదని ప్రసిద్ధి.

1913లో, సముద్రమునకు 8 కిలోమీటర్ల దూరముననే, విద్యుచ్ఛక్తికై ఒక ఆనకట్ట లేచినది. 1927లో ఎగువను రెండవది. చేపలెక్కుటకు దారి విడువవలెనని చట్టముండియు, విడువలేదు. బదులుగా పెట్టిన పొదుగుశాలను 1922లో మూసివేసిరి. నూటపది కిలోమీటర్లకు పైబడిన పురిటిచోట్లు చేపలకు దూరమయ్యెను. ధవళేశ్వరపు ఆనకట్ట నీటితో పండిన బియ్యము తినువారము గనుక ఆనకట్టలన్నియు చెడ్డవని మేమనజాలము. కాని యిచ్చటి దీపములకు వెల యిచ్చుకొన్నవారు వేరు. వారు నదీముఖమున నివసించు క్లాలం జాతివారు. 1855 నాటి సంధిలో చేపలు పట్టు హక్కు వారికి వ్రాసియిచ్చిరి. హక్కు కాగితముమీద నిలిచినది. చేప వంటింటికి రాలేదు. సృష్టికర్త తమ పూర్వులను మలచెనని వారు నమ్ము శిలయు జలాశయమున మునిగిపోయినది. పెద్దలు మాత్రము ఆ శిల గుర్తులను పిల్లలకు జెప్పుట మానరైరి.

1992లో నదిని బాగుచేయుటకు చట్టము వచ్చినది. 2011 సెప్టెంబరున కూల్చుట మొదలై 2014లో ముగిసినది. నీరు తీసిన పిమ్మట 2012లో ఆ శిల బయటపడినది. ఆ యేడే చినూకులు దిగువ ఆనకట్ట యున్న చోటు దాటి పైకెక్కెను.

మాకు మిక్కిలి ముచ్చట గొల్పినది ట్రౌట్ సంగతి. రెయిన్‌బో ట్రౌటును, స్టీల్‌హెడ్డును ఒకే జాతి; ఏటిలోనే యుండిన ట్రౌట్, సముద్రమునకు బోయివచ్చిన స్టీల్‌హెడ్. ఆనకట్టల పైన చిక్కినవి తరతరములు ఏటిచేపలుగనే బ్రదికెను. త్రోవ తెరువబడినంతనే వాని సంతతి సముద్రమునకు బోయి, స్టీల్‌హెడ్డులై తిరిగివచ్చుచున్నది. ఎవ్వరు నేర్పిరి?

చేపలు వృద్ధిపొందుటకై 2011లో ఆ నదిపై వేట నిలిపిరి. క్లాలం వారును పండ్రెండేండ్లు గాలము వేయక కాచుకొనిరి. 2023 శరదృతువున కోహో అను సాల్మనును, తమ యాచారములకును తమ వంటలకును మాత్రమే, మరల పట్టిరి.