పళ్ళు చూడని బేరం

పశువుల సంతలో మన రైతు ఎద్దును కొనే తీరు గమనింపదగినది. అమ్మేవాడు ఎంత తెలిసినవాడైనా, దలాలు ఎన్ని ఒట్లు పెట్టినా, అతడు ముందుగా నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అని చూచి వయస్సు నిర్ణయిస్తాడు. నాలుగడుగులు నడిపించి గిట్టలు పరిశీలిస్తాడు. మెడమీద కాడి పుండు ఉన్నదేమో తడిమి చూస్తాడు. వీలైతే అరక కట్టి చూచిన పిమ్మటనే సొమ్ము చేతికిస్తాడు. సుడులు చూచి శుభాశుభాలు చెప్పుకోవడం మూఢవిశ్వాసమే కావచ్చు. తక్కినదంతా శాస్త్రీయమైన పరీక్షయే. ఇందులో అమ్మేవాడికి అవమానమేమీ లేదు. పరీక్షకు ఒప్పుకోని వాడినే సంత అనుమానిస్తుంది.

ఇట్టి రైతుల బిడ్డలే నేడు రాజుపాలెం, పిడుగురాళ్ల, సత్తెనపల్లి ప్రాంతాల నుండి ఉన్నత విద్యకై అమెరికా వెళుతున్నారు. అక్కడ వారు చేసే మొదటి పెద్ద బేరం సాధారణంగా పాత కారు. ఇది విలాసం కాదు. డల్లాస్ వంటి విశాలమైన నగరాలలో ఇల్లొకచోట, చదువొకచోట, అంగడి మరొకచోట ఉంటాయి. కారు లేనివాడు పాలు తెచ్చుకొనుటకు సైతం ఇతరుల దయపై ఆధారపడవలసి వస్తుంది. మన దేశంలో ఎంత సక్రమంగా బాకీలు తీర్చినా ఆ చరిత్ర అక్కడి బ్యాంకుల లెక్కలోకి రాదు గనుక అప్పు పుట్టడం కష్టం. పుట్టినా వడ్డీ భారమవుతుంది. అందుచేత తండ్రి పొలం తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ములో నుండే కారు ధర చెల్లించవలసిన వారు ఎందరో!

విచారకరమైన విషయమేమంటే, సంతలో తండ్రి చేసే పరీక్షను అక్కడ కుమారుడు చేయడు. చదువు ముగించి మరో ఊరికి వెళ్ళిపోతున్న తెలుగు విద్యార్థి ఫోనులో నాలుగు ఫోటోలు పంపుతాడు. 'మనవాడే' అన్న ఒక్క మాటతో బేరం ముగుస్తుంది. ఆ మాట యంత్రంలోని లోపాన్ని సరిచేయజాలదు.

లోపాలున్న కారును అమెరికనులు పరిహాసంగా 'నిమ్మకాయ' అంటారు. ఈ నిమ్మకాయల పేరిటనే 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాశాడు. ఆయన వాదం సులభగ్రాహ్యమైనది. కారులోని లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు గనుక కొనేవాడు ప్రతి కారుకూ తక్కువ ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి కారు గలవాడు అమ్మడానికి ఇష్టపడక తప్పుకొంటాడు. చివరకు బజారులో చెడ్డ కార్లే మిగులుతాయి. 2001లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు. మన సంతలో పళ్ళు చూచే రైతు ఈ సిద్ధాంతాన్ని చదవకుండానే దానికి విరుగుడు కనిపెట్టాడు.

అక్కడి చట్టం కొనేవానికి కొన్ని సాధనాలు ఇచ్చింది. 1981 నుండి తయారైన ప్రతి కారుకూ అక్షరాలు, అంకెలు కలిసిన 17 స్థానాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానిని బట్టి పాత ప్రమాదాల నివేదిక కొంతవరకు తెప్పించుకోవచ్చు. తయారీదారు లోపం వల్ల వెనుకకు పిలిచిన కారేమో ప్రభుత్వ సంస్థ ద్వారా ఉచితంగా తెలుసుకోవచ్చు. తిరిగిన మైళ్ళ మీటరును వెనుకకు త్రిప్పడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం. వ్యాపారి అమ్మే పాత కారు అద్దంపై హామీ ఉన్నదో లేదో తెలిపే కాగితం అంటించాలని 1985 నుండి నిబంధన అమలులో ఉన్నది.

అయితే ఈ రక్షణలకు హద్దులున్నాయి. 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న షరతుపై కొంటే, ఆ తరువాతి మరమ్మతులన్నీ సాధారణంగా కొన్నవాడి నెత్తినే పడతాయి. మూడు రోజులలో తిరిగి ఇచ్చివేయవచ్చునని మనవారిలో ఒక అపోహ ఉన్నది. వ్యాపారి దుకాణంలో కొన్న కారుకు అటువంటి హక్కును కేంద్ర చట్టమేదీ ఇవ్వలేదు. నివేదికలో లేని సంగతులూ ఉంటాయి. 2005లో కత్రినా, 2017లో హార్వీ తుపానులలో లక్షల కార్లు నీట మునిగాయి. అట్టి కార్లను కడిగి, మెరుగుపెట్టి దూర రాష్ట్రాలలో అమ్మిన సందర్భాలున్నాయి. ఉత్తరాది రాష్ట్రాలలో మంచు కరుగుటకై రోడ్లపై చల్లే ఉప్పు కారు అడుగు భాగాన్ని తుప్పు పట్టిస్తుంది. పైరంగు చూచి మురిసేవాడికి ఆ తుప్పు కనబడదు.

కనుక అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్కు చేత కారును ఎత్తించి, అడుగు భాగం చూపించి, ఆపై తాను నడిపి చూడాలి. ఇందుకు సాధారణంగా ఒకటి రెండు వందల డాలర్లు కావచ్చు. కొనబోయే కారుకు బీమా ఎంతవుతుందో ముందే విచారించాలి. యాజమాన్యపత్రంలో అమ్మేవాడి పేరే ఉన్నదా, బ్యాంకు బాకీ నమోదై ఉన్నదా అని చూడాలి. మన దేశంలోనూ కాగితం సంగతి ఇంతే. రిజిస్ట్రేషనులో ఎవరి పేరున్నదో ప్రమాద పరిహారపు బాధ్యత వారిదేనని 2018లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి పేరు మార్పించడంలో కొన్నవాడికెంత శ్రద్ధ ఉండాలో అమ్మినవాడికీ అంతే ఉండాలి.

పరాయి దేశంలో తోటి తెలుగువాడిని శంకించడం మర్యాదేనా అని కొందరు ప్రశ్నించవచ్చు. స్నేహితుని నిజాయితీ వేరు, అతని కారు బ్రేకులు వేరు. అతనికే తెలియని లోపం అందులో ఉండవచ్చు. పరీక్ష అతనిని తప్పుడు నింద నుండి కాపాడుతుంది. కొనేవాడిని నడిరోడ్డు ప్రమాదం నుండి కాపాడుతుంది.

అమ్మేవాడి ధర్మం అంతకంటే పెద్దది. నేడు కొన్నవాడే రెండేళ్ళ తరువాత మరో కొత్త విద్యార్థికి అమ్ముతాడు. తాను మోసపోయిన మొత్తాన్ని అతని నుండి రాబట్టుకోవాలని చూస్తే, ఏటేటా వచ్చే పల్లె బిడ్డలందరూ ఆ నష్టాన్ని వంతులవారీగా మోయవలసిందే. లోపాన్ని నోటితో చెప్పి, కాగితంపై వ్రాసి, దానికి తగిన ధరకు అమ్మిన ఒక్కడు చాలును ఆ గొలుసు తెగడానికి. 'మనవాడు' అన్న మాటకు అప్పుడే విలువ.