పద్దు సరిపోయిన చాలునా?

భిలాయి ఉక్కు కర్మాగారమున 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన కాలమున, పొట్ట చేతపట్టుకొని ఉత్తరాంధ్రమునుండి వచ్చి యిచ్చట స్థిరపడిన తెలుగువారి మనుమలు కొందరు నేడు సి.ఏ. చదువుచు, ఆడిటర్ల కార్యాలయములలో ఆర్టికల్‌షిప్ చేయుచున్నారు. కొత్త పాఠ్యప్రణాళికతో వారి చదువున రెండు మార్పులు వచ్చినవి: 2024 మే పరీక్షలనుండి ఇంటర్మీడియట్ ఆడిటింగు పేపరు పేరులో నైతికతయు చేరినది, ఆర్టికల్‌షిప్ మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గినది. ధర్మము పుస్తకమున పెరిగి, దానిని ఆచరించి చూచు కాలము తరిగినదన్నమాట. ఈ తరుగును పూడ్చవలసినవారెవరు?

పరీక్షలో ప్రశ్న ప్రశ్నగానే కనబడును. పనిలో అట్లు కనబడదు. పారిశ్రామికవాడలోని యొక రోలింగ్ మిల్లులో తుక్కు కొనుగోళ్ళు తనిఖీ చేయు విద్యార్థికి, కాటా చీటీలో 18 టన్నులును బిల్లులో 21 టన్నులును కనబడిన వనుకొందము. "రాతపొరపాటు బాబూ, రేపు సరిచేసి ఇస్తాం" అని గుమాస్తా యనును. "పాత క్లయింటు, వదిలేయవోయ్" అని సీనియరు ఫోనులో చెప్పును. అప్పుడు వానికి అక్కరకు వచ్చునది చేతికి అలవడిన క్రమమొక్కటే: ఆ మూడు టన్నులను నమ్మి అప్పిచ్చు బ్యాంకును, ఇన్‌పుట్ క్రెడిట్ ఇచ్చు ఖజానాను తలచుకొనుట, తక్కిన చీటీలను తీయించి చూచుట, వివరణను వ్రాతపూర్వకముగా కోరుట, కనుగొన్నదానిని వర్కింగ్ పేపర్లలో తేదీతో వ్రాసి పార్ట్‌నరు ముందుంచుట.

నియమము తెలియక సత్యం కంప్యూటర్స్ సంస్థ కూలలేదు. పుస్తకములలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనివేయని 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు లేఖ వ్రాసెను. నిల్వలకు బ్యాంకునుండి నేరుగా ధ్రువీకరణ తెప్పించుకొనుట ఆడిటింగున ఓనమాలవంటిది. ఆ పనిని ఆడిటర్లు కంపెనీ యాజమాన్యము చేతికే విడిచిరని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011లో తేల్చెను. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము దోషులుగా నిర్ణయించిన పదుగురిలో ఇద్దరు ఆడిటర్లు.

కావున భిలాయి ఆడిటర్లకొక విన్నపము: నెలకొకనాడైనను మీ ఫైళ్ళలోని నిజమైన చిక్కునొకదానిని, క్లయింటు పేరు దాచి, విద్యార్థుల ముందుంచి, "నీవైన నేమి వ్రాయుదువు?" అని అడిగి, వారిచేత వ్రాయించుడు, లెక్క ఒప్పదని చెప్పినవానిని విసుగుకొనక మెచ్చుకొనుడు. ఫీజు పోయినను సంతకము చేయని సీనియరును కన్నులార చూచిన విద్యార్థికి వేరు పాఠమక్కరలేదు.