డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు... స్కూల్ సైకాలజిస్టులేరీ?

అమెరికాలో మనవాళ్లు ఇల్లు కొనేముందు చూసేది స్కూల్ రేటింగ్. పదికి ఎనిమిదా, తొమ్మిదా అని ఆరా తీస్తాం. గిఫ్టెడ్ ప్రోగ్రామ్ ఉందా, ఏపీ కోర్సులు ఎన్ని, మ్యాథ్స్ టీమ్ ఎలా ఉంది... అన్నీ అడుగుతాం. ఆ స్కూల్లో సైకాలజిస్ట్ ఉన్నారా, వారానికి ఎన్ని రోజులు వస్తారు, ఎంతమంది పిల్లల్ని చూస్తారు అని అడిగిన తెలుగు తల్లిదండ్రులు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. న్యూజెర్సీలో ఇదే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి, ఆ ప్రశ్న ఎందుకు అడగాలో చెప్పే బాధ్యత నాకుందనిపించింది.

మన ఊళ్లలో ఈ ఉద్యోగం దాదాపు లేనట్టే. అందుకే చాలామంది మమ్మల్ని స్కూల్ కౌన్సెలర్లు అనుకుంటారు. మా పని వేరు. ఒక పిల్లవాడు ఎంత చెప్పినా చదవలేకపోతున్నా, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నా, ఎవరితోనూ కలవలేకపోతున్నా కారణం ఏమిటో తేల్చాలి. పరీక్షలు చేయాలి, క్లాసులో కూర్చుని గమనించాలి, టీచర్లతో, ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి. ఆ రిపోర్టు మీద ఆధారపడే ఆ పిల్లవాడికి ఐఈపీ, అంటే ప్రత్యేక విద్యా ప్రణాళిక, ఇవ్వాలా వద్దా అన్నది నిర్ణయమవుతుంది. 1975లో ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం చేసిన చట్టం ఈ హక్కునిచ్చింది. ఇప్పుడు దాన్ని ఐడియా అంటున్నాం. తల్లిదండ్రులు ఒప్పుకున్న రోజు నుంచి 60 రోజుల్లో, లేదా రాష్ట్రం పెట్టుకున్న గడువులో ఇవాల్యుయేషన్ పూర్తి కావాలి. పైసా ఖర్చు ఉండదు.

హక్కు ఉంది. చేసే మనుషులే చాలడం లేదు.

500 మంది విద్యార్థులకు ఒక స్కూల్ సైకాలజిస్ట్ ఉండాలని మా జాతీయ సంఘం నాస్ప్ చెబుతుంది. దేశం మొత్తం మీద సగటున ఒక్కొక్కరికి వెయ్యిమందికి పైగా ఉన్నారు. కొన్ని రాష్ట్రాల్లో పరిస్థితి ఇంతకన్నా అధ్వానం. ఇవాల్యుయేషన్లకు చట్టం గడువు ఉంది కాబట్టి రోజంతా వాటికీ రిపోర్టులకూ సరిపోతుంది. గడువు లేని పనులన్నీ వెనక్కి పోతాయి. దిగులుగా కనిపిస్తున్న పిల్లతో పది నిమిషాలు మాట్లాడటం, సమస్య ముదరకముందే టీచరుకు ఒక దారి చూపడం అలా వెనక్కి పోయేవే.

టెక్సస్‌లో జరిగింది డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాలి. ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టుగా అక్కడి విద్యాశాఖ 2004 నుంచి ఒక లక్ష్యం పెట్టుకుంది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది. 2017లో రాష్ట్ర శాసనసభ ఆ లక్ష్యాన్ని రద్దు చేసింది. టెక్సస్ చట్టాన్ని ఉల్లంఘించిందని 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. తలుపులు తెరిచాక ఏళ్లుగా ఆగిన పిల్లలందరూ పరీక్షలకు వచ్చారు. పరీక్షించేవాళ్లు సరిపోలేదు. కాగితం మీద హక్కు తిరిగి ఇవ్వడానికి ఒక్క సంతకం చాలు. మనిషిని తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది.

ఎన్నేళ్లు? డిగ్రీ తర్వాత సాధారణంగా మూడేళ్లు. కనీసం 60 క్రెడిట్ల గ్రాడ్యుయేట్ చదువు, అందులో 1,200 గంటల ఇంటర్న్‌షిప్. అంటే దాదాపు ఒక విద్యా సంవత్సరమంతా పూర్తికాలం బడిలో పనిచేయాలి. అసలు చిక్కు ఆ ఏడాదిలోనే ఉంది. చాలాచోట్ల జీతం ఉండదు, ఉన్నా నామమాత్రమే. అదే సమయంలో యూనివర్సిటీకి ఫీజు కట్టాలి, అద్దె కట్టాలి. పగలంతా బడిలో ఉండే మనిషి ఇంకో ఉద్యోగం ఎప్పుడు చేయగలరు? ఇల్లు గడవదని ఈ చదువు వైపే రానివాళ్లు ఎందరో.

రెండో చిక్కు నేర్పేవాళ్లది. ప్రతి ఇంటర్న్‌కూ అనుభవం ఉన్న సైకాలజిస్ట్ వారానికి కనీసం రెండు గంటలు కేటాయించాలి. వెయ్యిమంది పిల్లల బరువు మోస్తున్న మనిషికి ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? మనుషులు లేక శిక్షణ సాగదు. శిక్షణ సాగక మనుషులు రారు. విత్తనాల గింజలు కూడా వండుకు తినేసిన రైతు పరిస్థితి ఇది.

ఈ ముడి విప్పడానికి 2022 జూన్‌లో వచ్చిన బైపార్టిజాన్ సేఫర్ కమ్యూనిటీస్ చట్టం బడుల్లో మానసిక ఆరోగ్య సిబ్బంది కోసం వంద కోట్ల డాలర్లు కేటాయించింది. కొత్తవాళ్లకు శిక్షణ ఇప్పించడం కూడా అందులో భాగం. 2025 ఏప్రిల్ చివర్లో ఆ గ్రాంట్లను కొనసాగించబోమని కేంద్ర విద్యాశాఖ నోటీసులు పంపింది. 16 రాష్ట్రాలు కోర్టుకు వెళ్లాయి. అది చాలదన్నట్టు, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే గ్రాడ్యుయేట్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ రుణాలు ఉండవని 2025 జూలైలో వచ్చిన చట్టం చెప్పింది. డబ్బున్న ఇంటి పిల్లలే ఈ చదువు చదవగలిగితే, రకరకాల ఇళ్ల నుంచి వచ్చే పిల్లల్ని అర్థం చేసుకునేదెవరు?

ఇది మనకెందుకు అనుకోవద్దు. వైన్‌ల్యాండ్ అనే ఒక ప్రశ్నావళి ఉంది. మా న్యూజెర్సీలోని ఊరి పేరే దానిది. పిల్లవాడు తన పనులు తను ఎంతవరకు చేసుకుంటాడో అందులో తల్లిదండ్రులను అడుగుతాం. తనే తింటాడా, బొత్తాలు పెట్టుకుంటాడా, బూట్లు వేసుకుంటాడా? మన ఇళ్లలో ఆరేళ్లొచ్చినా అమ్మమ్మో నాయనమ్మో ముద్దలు కలిపి పెడుతుంది. స్కోరు తక్కువ వస్తుంది. అది చేతకాకనా, చేయనివ్వకనా? తెలిసినవాళ్లు ఇంకో ప్రశ్న వేస్తారు. తెలియనివాళ్లు అంకె రాసుకుని వెళతారు.

మాట సంగతీ అంతే. మన భాషలో పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మనకు బస్సయింది. తాతయ్య దగ్గర మాటలు నేర్చిన పిల్లవాడు బడిలోనూ అలాగే పలికితే అది లోపమా, అలవాటా? పసిబిడ్డను ఇండియాలో అమ్మమ్మ దగ్గర ఉంచి, మూడేళ్లు నిండాక తెచ్చుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఒక్కసారిగా మనుషులూ, భాషా, ఇల్లూ మారిన బిడ్డ మౌనంగా ఉంటే దానికి అర్థం వేరు. ఆ సంగతి అడగాలన్న ఆలోచన ఎదుటివాళ్లకు రావాలి కదా!

పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. భాష తేడాను లోపమనుకుని ముద్ర వేయొచ్చు. నిజమైన డిస్‌లెక్సియానో ఆటిజమో ఉంటే 'ఇంట్లో రెండు భాషలు కదా, సర్దుకుంటాడు' అని ఏళ్లు దొర్లించనూ వచ్చు. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్‌లో పరీక్షలు పెట్టి బుద్ధిమాంద్యం ఉందంటూ వేరే క్లాసుల్లో వేస్తే, వారి తరఫున డయానా పేరుతో నడిచిన కేసు 1970లో రాజీతో ముగిసింది. వీలైనంతవరకు పిల్లల సొంత భాషలోనే పరీక్షించాలని ఇప్పుడు చట్టమే చెబుతోంది. అయితే తెలుగులో పరీక్షించగలవాళ్లు ఎంతమంది ఉన్నారు?

ఇంటర్‌ప్రెటర్ ఉంటారు కదా అనొచ్చు. ఉంటారు, మీటింగుల్లో అడిగి పెట్టించుకోండి కూడా. కానీ ఇంటర్‌ప్రెటర్ మాటను మార్చి చెబుతారు, అడగని ప్రశ్నను అడగలేరు. ప్రతి బడిలో తెలుగు తెలిసిన సైకాలజిస్ట్ ఉండటం కుదరదన్నదీ నిజమే. అంత అవసరం లేదు. మన పిల్లలు ఎక్కువగా ఉన్న ఒక డిస్ట్రిక్ట్‌లో ఒక్కరున్నా, పక్కవాళ్లు వచ్చి 'ఇది మీ ఇళ్లలో మామూలేనా?' అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న ఎందరో పిల్లలకు మేలు చేస్తుంది.

మన వైపు కూడా ఒక అడ్డు ఉంది. గిఫ్టెడ్ పరీక్షకు కోచింగ్ ఇప్పిస్తాం. ఇవాల్యుయేషన్ అనగానే 'నలుగురికీ తెలిస్తే?' అంటాం. పిల్లల స్కూల్ రికార్డులు ఎవరికి పడితే వారికి ఇవ్వకుండా 1974 నుంచి చట్టం ఉంది. కాలేజీ అప్లికేషన్‌లో ఐఈపీ గురించి చెప్పి తీరాలన్న నిబంధనా లేదు. మనం సంతకం వాయిదా వేసిన ఏడాది పిల్లవాడి బాల్యంలోంచి పోతుంది.

ఏం చేయొచ్చు? ఇంట్లో ఎవరైనా సైకాలజీ చదువుతానంటే 'దాంతో ఏం వస్తుంది' అనకండి. స్కూల్ సైకాలజిస్టుల మధ్యస్థ జీతం ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది. వేసవి సెలవులుంటాయి, ఉద్యోగానికి కొరత లేదు. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో సైకాలజీ ఎంఏ చేసి, హెచ్4 మీద వచ్చి ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్లలు మనలో ఉన్నారు. హెచ్4 మీద చదువుకోవచ్చు. జీతమిచ్చే ఇంటర్న్‌షిప్‌కు మాత్రం వర్క్ పర్మిట్ కావాలి కాబట్టి, చేరేముందే లాయర్‌ను అడిగి లెక్క చూసుకోవాలి.

తానా, ఆటా, నాట్స్ లాంటి సంఘాలు సొంతూళ్లలో పేద విద్యార్థుల చదువుకు సాయం చేస్తున్నాయి. చాలా సంతోషం. ఇక్కడ కూడా ఏడాదికి ఇద్దరు ముగ్గురు ఇంటర్న్‌లకు ఆ 1,200 గంటల కాలంలో ఇంటి అద్దెకు సరిపడా సాయం చేయలేవా? సభల్లో ఒక సినిమా తారను తగ్గిస్తే సరిపోయే ఖర్చది. మనబడి తరగతుల సమయంలో బయట కార్లలో కూర్చునే తల్లిదండ్రులకు, ఏడాదికోసారైనా ఐఈపీ హక్కుల మీద ఒక గంట మాట్లాడించొచ్చు.

అన్నిటికన్నా తేలికైన పని ఒకటుంది. మీ స్కూల్ బోర్డు సమావేశాల్లో ప్రజలు మాట్లాడటానికి కొన్ని నిమిషాలు ఇస్తారు. వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి. మన డిస్ట్రిక్ట్‌లో ఎంతమంది పిల్లలకు ఒక సైకాలజిస్ట్ ఉన్నారు? ఇంటర్న్‌లను తీసుకుని జీతం ఇస్తున్నారా? ఇంటి పన్ను కడుతున్నది మనమే. అడిగే హక్కు మనకుంది, జవాబు మినిట్స్‌లో నమోదవుతుంది. బడ్జెట్ వేసేటప్పుడు బోర్డులు లెక్కలోకి తీసుకునేది అడిగినవాళ్లనే.