సంతకం పెట్టి చేతులు దులుపుకుంటారా?

చివరి సెమిస్టర్ రాగానే ఎంఎస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పిల్లల చేతిలో కాలేజీ ఒక ఉత్తరం పెడుతుంది. ఈ విద్యార్థిని మీ సంస్థలో ప్రాజెక్టుకు అనుమతించగలరు అని నాలుగు ముక్కలు, హెచ్‌ఓడీ సంతకం, కింద ముద్ర. అంతే! ఆ కాగితం పట్టుకుని జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం పారిశ్రామికవాడల గేట్ల దగ్గర నిలబడతారు ఇరవై రెండేళ్ల పిల్లలు. ఏ సీసా ముట్టుకుంటే ఏమవుతుందో, తెలియనిది ఎవరిని అడగాలో ఒక్కరోజు కూర్చోబెట్టి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

మందుల కంపెనీల ఆర్ అండ్ డీ ల్యాబుల్లో ఏళ్ల తరబడి ఈ పిల్లల్ని చూస్తున్నాను. కడుపు రగిలి అడుగుతున్నాను. రెండేళ్లపాటు మనం వాళ్లకు నేర్పిందేమిటి? టైట్రేషన్ రీడింగు ముందు రఫ్ కాగితం మీద గీకి, హాస్టల్‌కెళ్లాక చక్కని దస్తూరీతో రికార్డులో ఫెయిర్ చేయడం. మూడు రీడింగులు కలవకపోతే కలిసేలా దిద్దుకోవడం. సీనియర్ రికార్డు చూసి దించినా సంతకం పడిపోతుంది. మందుల కంపెనీ ల్యాబులో విడి కాగితం మీద రాయడమే తప్పు. చేసినప్పుడే, పేజీ నంబర్లున్న నోట్‌బుక్‌లోనే రాయాలి. పొరపాటు జరిగితే ఒక్క గీత కొట్టి, పక్కన పొడి సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ కనపడకూడదు. డేటా దిద్దారని అమెరికా ఎఫ్‌డీఏ మన దేశపు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపిన సంగతి ఈ రంగంలో తెలియనివారు లేరు. కాలేజీలో మార్కులు తెచ్చిపెట్టిన అలవాటే ఇక్కడ నేరమవుతోంది. ఆ మాట పిల్లలకు ముందే చెప్పడానికి నోరు రాదా?

నేను పనిచేసిన ఒకచోటికి శ్రీకాకుళం వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఈల్డ్ లెక్క తప్పిందని పేజీ చింపేసి, కొత్త పేజీలో శుభ్రంగా రాసుకొచ్చింది. మంచి పని చేశాననే అనుకుంది. మేనేజరు అందరి ముందూ “మోసం చేస్తావా?” అని అరిచాడు. వారం తిరక్కుండా ఆ పిల్ల బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. నేను కాలేజీకి ఫోన్ చేస్తే గైడు అడిగింది ఒక్కటే: “సర్టిఫికెట్ అయితే ఇస్తారు కదండీ?” ఆ అమ్మాయి ఎలా ఉందని ఆయన అడగలేదు.

పరువు సంగతి అలా ఉంచండి, ప్రాణం మాటేమిటి? 2008 డిసెంబరు 29న అమెరికాలోని యూసీఎల్‌ఏ ల్యాబులో గాలి తగిలితే భగ్గుమనే టెర్షియరీ బ్యుటైల్ లిథియంతో పనిచేస్తూ 23 ఏళ్ల రీసెర్చ్ అసిస్టెంటు మంటల్లో చిక్కుకుంది. ఒంటిమీద ల్యాబ్ కోటు లేదు. 18 రోజులకు చనిపోయింది. ఆ ల్యాబు ప్రొఫెసర్ మీద, యూనివర్సిటీ మీద క్రిమినల్ కేసు పెట్టారు. ఇక్కడ 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా కంపెనీ ప్రమాదంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి కంపెనీ ప్రమాదంలో 40 మందికి పైగా పోయారు. అవి విద్యార్థుల వల్ల జరిగిన ప్రమాదాలు కావు. కానీ ఆ పారిశ్రామికవాడలకే కదా, సోడియం మంట మీద నీళ్లు పోయకూడదన్న సంగతి కూడా గుర్తుచేయకుండా పిల్లల్ని తోలుతున్నాం!

కంపెనీలూ తక్కువ తినలేదు. నెలల తరబడి గ్లాస్‌వేర్ కడిగించి, హెచ్‌పీఎల్‌సీ యంత్రం దగ్గరికి రానివ్వకుండా సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లున్నారు. ఇంకొందరు పిల్లలైతే కన్సల్టెన్సీకి డబ్బు కట్టి, ల్యాబు మొహం చూడకుండానే స్పైరల్ బైండింగ్ రిపోర్టు తెచ్చుకుంటున్నారు. వైవాలో దానికీ మార్కులు పడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకే పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. పంపడానికి ఉత్తర్వులున్నాయి. పంపేముందు సిద్ధం చేయడానికి, నేను చూసిన ఏ కాలేజీ టైమ్‌టేబుల్లోనూ ఒక్క పీరియడు లేదు.

కోట్లు అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. రెండు వారాలు చాలు. సేఫ్టీ షీటు చదవడం, నోట్‌బుక్ రాయడం, ఫ్యూమ్ హుడ్‌లో పనిచేయడం, ఒక పరిశోధనా పేపరు చదివి ప్రశ్న వేయడం, భయమేస్తే “నాకు తెలియదు సార్” అనగలగడం. ఆ తర్వాత గైడు నెలకొకసారైనా వెళ్లి చూసి రావడం.

హెచ్‌ఓడీలూ, ప్రిన్సిపాళ్లూ, ఆ రెండు వారాలు ఇవ్వకుండా ఈ ఏడాది ఒక్క ఉత్తరం మీదా సంతకం పెట్టకండి.