ఇచ్చేశాక...

రిలే పరుగును టీవీలో చూసేటప్పుడు మన కళ్లు బ్యాటన్‌తో పాటే పోతాయి. కెమెరా కూడా అంతే. అది ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారిందో లేదో, ఇచ్చినవాడు తెర మీద ఉండడు. వంద మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తుకొచ్చిన ఆ మనిషి ఏమయ్యాడో ఎవరూ పట్టించుకోరు. ముందు పరుగు ఇంకా మిగిలే ఉంది మరి.

కొంతకాలంగా నా మనసు మాత్రం ఆ ఇచ్చేసినవాడి దగ్గరే ఆగిపోతోంది.

అతను వెంటనే పక్కకు తప్పుకోవడానికి వీల్లేదు. మిగతా జట్లకు అడ్డం పడకుండా, అందరూ దాటిపోయేదాకా తన లేన్‌లోనే ఉండాలి. వేగం తగ్గించుకుంటూ ఇంకొంత దూరం పోయి ఆగుతాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి రొప్పుతూనే తలెత్తి చూస్తాడు. ఇంతకుముందు తన పిడికిట్లో ఉన్నది ఇప్పుడు వేరొకరి పిడికిట్లో దూరమైపోతోంది. అతని పని అయిపోయింది. పందెం మాత్రం అవలేదు.

స్ప్రింట్ రిలేలో నలుగురూ ట్రాక్‌ను వంద మీటర్ల చొప్పున పంచుకుంటారు. మొదటివాడు, మూడోవాడు వంపుల్లో పరుగెడితే, రెండోవాడు, నాలుగోవాడు తిన్నటి దారిలో. జట్టు అంటాం గానీ, పందెం సాగినంతసేపూ నలుగురూ తలో మూల ఉంటారు. ఏ ఇద్దరైనా కలిసేది బ్యాటన్ మారే చోటనే. అక్కడ కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ట్రాక్ మీద అంటించుకున్న టేపు గుర్తును వచ్చేవాడు దాటేదాకానే అందుకునేవాడి చూపు వెనక ఉంటుంది. దాటగానే ముఖం తిప్పి పరుగు తీయాల్సిందే. వెనక నుంచి కేక వినపడితే చెయ్యి చాపడం, అంతే. బడిలో రిలే ఆడినవాళ్లకు డ్రిల్లు మాస్టారి అరుపు గుర్తుండే ఉంటుంది: ‘వెనక్కి చూడకురా, చెయ్యి పెట్టు!’

ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీద జపాన్ వాళ్లు పెట్టిన శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. చాలా జట్లు బ్యాటన్‌ను పైనుంచి అరచేతిలో పెడితే, వాళ్లు కింది నుంచి పైకి అందిస్తారు. 2016 రియో ఒలింపిక్స్‌లో 37.60 సెకన్లతో రజతం తెచ్చుకున్నారు. అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరు కూడా విడిగా వంద మీటర్లను పది సెకన్ల లోపు పరుగెత్తినవాళ్లు కాదు.

నేను ఎక్కువగా తలుచుకునేది మాత్రం యొహాన్ బ్లేక్‌ను.

2012 ఆగస్టు 11, లండన్ ఒలింపిక్స్ ఫైనల్. జమైకా తరఫున మూడో పరుగు బ్లేక్‌ది. వంపు దాటుకొచ్చి ఉసేన్ బోల్ట్ చేతికి బ్యాటన్ అందించాడు. 36.84 సెకన్లు. నెస్టా కార్టర్, మైకేల్ ఫ్రేటర్, బ్లేక్, బోల్ట్ కలిసి నెలకొల్పిన ఆ ప్రపంచ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ బ్యాటన్‌ను గుర్తుగా దాచుకుందామని బోల్ట్ ఆశపడితే, కుదరదని అధికారి తీసేసుకున్నాడు. కాసేపటికి మళ్లీ తెచ్చి ఇచ్చారు.

ఐదేళ్ల తర్వాత, 2017 ఆగస్టు 12న అదే స్టేడియంలో ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్. బోల్ట్‌కు అది చివరి పందెమని అందరికీ తెలుసు. వారం కిందటే వంద మీటర్లలో కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. రిలేలో మొదటి పరుగు ఒమర్ మెక్‌లాయిడ్‌ది. అదే చాంపియన్‌షిప్‌లో 110 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచినవాడు. రెండోది జూలియన్ ఫోర్టే. మూడోది మళ్లీ బ్లేక్.

బోల్ట్ బ్యాటన్ అందుకునేసరికి బ్రిటన్, అమెరికా ముందున్నాయి. ఇంక దూసుకుపోతాడని అందరూ చూస్తుండగా ఎడమ తొడ వెనక కండరం పట్టేసింది. కుంటుతూ నాలుగడుగులు గెంతి, దొర్లి, ట్రాక్ మీద పడిపోయాడు. అవతల బ్రిటన్ 37.47 సెకన్లలో గెలిచింది. అమెరికాది 37.52, జపాన్‌ది 38.04. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఈ పందెంలో బ్రిటన్ పురుషులకు అదే తొలి స్వర్ణం. సొంతగడ్డ మీద స్టేడియం హోరెత్తిపోయింది.

మెక్‌లాయిడ్, ఫోర్టే ఆ సమయానికి ట్రాక్‌కు అవతలి వైపున ఉన్నారు. బ్లేక్‌కు మాత్రం అంతా కళ్లెదుటే జరిగింది. బ్యాటన్ ఇచ్చి ఆయాసం తీరకముందే, తన ముందున్న తిన్నటి దారిలో తను ఇచ్చిన మనిషి పడిపోయాడు. ఐదేళ్ల కిందట అదే చోట, అదే మనిషికి ఇచ్చాడు. ఆ రోజు ఇచ్చి చూస్తుంటే ప్రపంచ రికార్డు. ఈ రోజు ఇచ్చి చూస్తుంటే ఇది. రెండుసార్లూ తన వంతు తను చేశాడు. ఆ తర్వాత రెండుసార్లూ అతని చేతిలో ఏమీ లేదు.

శంషాబాద్ విమానాశ్రయంలో అమెరికా వెళ్లే పిల్లల్ని సాగనంపడానికి వచ్చినవాళ్లలో నాకు ఈ బ్లేక్ కనిపిస్తాడు. టికెట్టు ఉన్నవాళ్లనే గుమ్మం దాటనిస్తారు. తండ్రి అక్కడిదాకా ట్రాలీ తోసుకొస్తాడు. పాస్‌పోర్టు ఏదీ, యూనివర్సిటీ కాగితాలు చేతిబ్యాగులోనే పెట్టావా అని అడిగిందే అడుగుతాడు. ఆవకాయ సీసా మూతకు టేపు చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని తువ్వాల్లో చుట్టి పెట్టెలో సర్దిన తల్లి, అది కారుతుందేమోనని ఇంకా బెంగపడుతూనే ఉంటుంది. అద్దాల అవతల పిల్లాడు కనిపించినంతసేపూ చేతులు ఊపుతారు. కనిపించకుండా పోయాక కూడా కదలరు.

ఇంటికెళ్లి ఆ విమానం ఎక్కడిదాకా పోయిందో ఫోన్‌లో చూసుకుంటూ తెల్లవార్లూ మేలుకుంటారు. చదివించారు, అప్పు చేసి ఫీజు కట్టారు, దణ్ణం పెట్టుకుని పంపించారు. ఇక చూడటం తప్ప చేసేదేమీ లేదు. వంద మీటర్ల పరుగు కన్నా ఆ చూడటమే కష్టమని నాకనిపిస్తుంది. పరుగెత్తుతున్నంతసేపూ భయపడే తీరికైనా ఉండదు కదా.

ఆ రాత్రి లండన్‌లో మిగతా ముగ్గురూ బోల్ట్ దగ్గరికి వచ్చారు. చక్రాల కుర్చీ తెస్తే అతను వద్దన్నాడు. లేచి, తనవాళ్లతో కలిసి కుంటుకుంటూ నడిచి గీత దాటాడు. కండరం పట్టేసిన మాట నిజమే గానీ, బాధలో ఎక్కువ పాలు పందెం పోయినందుకేనని జట్టు డాక్టరు చెప్పారు. పందెం ముందు ఆటగాళ్లు వేచి ఉండే గదిలో, అంటే కాల్ రూమ్‌లో, తమను మరీ ఎక్కువసేపు ఉంచేశారని బ్లేక్ బాధపడ్డాడు. పడిపోయినవాడి తరఫున అతను ఆ మాట అనడం నాకు బాగా నచ్చింది.

బోల్ట్‌కు కూడా ఇచ్చేసినవాడి స్థానం కొత్త కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మూడో పరుగు అతనిదే. ఆఖరి పరుగు అసఫా పావెల్‌ది. 37.10 సెకన్లతో అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఆ స్వర్ణం తర్వాత చేజారింది. మొదటి పరుగు తీసిన కార్టర్ పాత నమూనాను మళ్లీ పరీక్షిస్తే నిషిద్ధ ఉత్ప్రేరకం బయటపడింది. 2017 జనవరిలో నలుగురి పతకాలూ రద్దు చేశారు. బ్యాటన్ ఎప్పుడో చేతులు మారినా, మొదటివాడి పరుగు మిగతా ముగ్గురినీ వదల్లేదు.

పతకం లెక్క ఎలా ఉన్నా, ఆ పందెం వీడియో దొరికితే నేను మూడో పరుగు చివర కోసమే చూస్తాను. బ్యాటన్ ఇచ్చేశాక బోల్ట్ ఆగడు. పరుగెత్తమంటూ పావెల్ వెనకాలే గొంతు చించుకుని అరుస్తాడు. ఆ హోరులో అది పావెల్‌కు వినపడిందో లేదో గానీ, అరవకుండా ఉండలేకపోయాడు.