తోటలో వచ్చే లెక్క పలక మీద రాదేం?

కోనసీమలో కొబ్బరి దింపు తీసేరోజున తోటలో ఉన్న పిల్లవాడికి ఎవరూ లెక్కలు చెప్పనక్కర్లేదు. ఎన్ని చెట్లకు ఎన్ని కాయలు దిగాయో, దింపు కూలి ఎంతయిందో, వలుపు కూలి పోను ఇంటికి మిగిలేదెంతో తండ్రికంటే ముందే నోటితో చెప్పగలిగే పిల్లలు ఊరికి నలుగురైనా ఉంటారు. ఆ పిల్లవాణ్ణే మర్నాడు బడిలో నల్లబల్ల దగ్గర నిలబెట్టి 816ని 8తో భాగించమంటే 12 అని రాసి వచ్చి కూర్చుంటాడు. ఎనిమిది మంది వాటాదార్లకు 816 కాయలు పంచవలసి ఉండగా తలకు 12 ఇస్తే తోటలో పెద్ద తగాదా అవుతుంది. బడిలో మాత్రం ఎర్రసిరాతో ఒక ఇంటూ మార్కు పడుతుంది, అంతటితో సరి. మధ్యలో సున్న జారిపోయిందనీ, జవాబు 102 అనీ ఆ కుర్రవాడికి తెలియకుండానే తరగతి మారిపోతాడు.

ఈ వింత మన ఒక్క ప్రాంతానిదే కాదు. బ్రెజిల్ దేశంలోని రెసీఫె నగరంలో బజారులో సరుకులమ్మే అయిదుగురు పిల్లలను అక్కడి పరిశోధకులు పరీక్షించి 1985లో ఫలితాలు ప్రకటించారు. వారిలో పన్నెండేళ్ల బాలుడొకడు అమ్మేది కొబ్బరికాయలే కావడం మనకు మరింత దగ్గరి సంగతి. కాయ 35 క్రుజీరోలు. నాలుగు కాయలెంత అని బేరంలో అడిగితే, మూడు కాయలు 105, దానికి మరో 30 కలిపితే 135, మిగిలిన అయిదు కూడా వేస్తే 140 అని నోటితో సరిగా తేల్చాడు. తరువాత కాగితమిచ్చి 35ను 4తో గుణించమంటే 200 వేశాడు. నాలుగైదులు ఇరవై, చేతిలో రెండు అనుకుని, ఆ రెండును ముందే మూడుకు కలిపేసి, వచ్చిన అయిదును నాలుగుతో గుణించాడు. ఆ పిల్లలు బజారు లెక్కలు నూటికి 98 వంతులు సరిగా చెప్పగా, అవే సంఖ్యలతో ఉత్త అంకెల లెక్కలిస్తే నూటికి 37 దగ్గర ఆగిపోయారు.

మన దేశంలోనూ ఇదే కథ. కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలమీద నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు జరిపిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బజారు పిల్లలు బడి లెక్కలో తప్పారు. బడి పిల్లలు బజారు లెక్కలో తడబడ్డారు. అంటే తప్పు పిల్లల తెలివిది కాదు. రెండు లెక్కలకూ మధ్య వంతెన వేయవలసిన పని ఎవరూ చేయడం లేదన్నమాట.

ఆ పని జరగవలసిన వయసు నాలుగు నుంచి ఏడు తరగతుల మధ్య. మూడో తరగతి వరకు వేళ్లతో లెక్కించి ఎలాగో నెట్టుకు రావచ్చు. నాలుగులో భాగహారం, అయిదులో భిన్నాలు, ఆరులో దశాంశాలు, ఏడులో శాతాలు, వడ్డీలు మీద పడతాయి. ఒక మెట్టు విరిగితే పై మెట్టు అందదు. అసర్ సంస్థ 2024 సర్వే ప్రకారం దేశం మొత్తం మీద పల్లెల్లో అయిదో తరగతి పిల్లలలో మూడంకెల సంఖ్యను ఒంటి అంకెతో భాగించగలిగినవారు నూటికి 31 మందికి మించలేదు. ఎనిమిదో తరగతిలో కూడా 46 మందే. అయిదులో రానిది ఎనిమిదికి దానంతటదే రాదని ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తున్నది.

పునశ్చరణ అనే మాట మన బళ్లలో లేకపోలేదు. పరీక్షలకు పది రోజుల ముందు పుస్తకం మొదటినుంచి చివరివరకు గబగబ తిరగేయడమే పునశ్చరణగా చెలామణీ అవుతున్నది. సాయంకాలం ప్రైవేటుకు పోతే అక్కడా గైడులోని జవాబును నోటుబుక్కులోకి ఎక్కించడమే. తల్లిదండ్రులు నెలనెలా డబ్బు కట్టి కొంటున్నది చాలాచోట్ల ఈ ఎక్కింపునే. మాటవరసకు, ఒకే రాత్రి నలభై భాగహారాలు చేయించడంకంటే, రోజుకు నాలుగు లెక్కలు పది రోజులు చేయిస్తే ఎక్కువ నిలుస్తుంది. ఆ నాలుగూ ఒకే రకమైనవి కాకూడదు. ఒకటి ఈ వారం పాఠంలోది, ఒకటి పోయిన నెలది, ఒకటి పోయిన ఏటిది, ఒకటి నోటిలెక్క. ఏ లెక్కకు ఏ పద్ధతి పట్టాలో పిల్లవాడే తేల్చుకోవలసి వచ్చినప్పుడు గాని బుర్ర కదలదు.

అన్నిటికంటె ముఖ్యం తప్పును చెరిపేయకపోవడం. 500లో 185 తీసివేయమంటే 485 అని వేసే పిల్లలు తరచు కనబడతారు. సున్నలో అయిదు పోదు గనుక అయిదులోంచి సున్నను తీస్తారు, సున్నలో ఎనిమిది పోదు గనుక ఎనిమిదిలోంచి సున్నను తీస్తారు. ఇది అశ్రద్ధ కాదు, వాడు మనసులో కట్టుకున్న ఒక తప్పుడు సూత్రం. వాణ్ణి చితకబాదినా, వంద ఇంపొజిషన్లు రాయించినా ఆ సూత్రం పోదు. అదే పిల్లవాణ్ణి కిరాణా కొట్టులో నిలబెట్టి, అయిదు వందల నోటిచ్చి 185 రూపాయల సరుకు కొంటే తిరిగి ఎంత రావాలిరా అని అడిగితే, 185కు 15 వేస్తే రెండు వందలు, ఆపైన మూడు వందలు, మొత్తం 315 అంటాడు. మరి పలక మీద 485 ఎలా వచ్చిందో నువ్వే చెప్పమంటే వాడికే నవ్వు వస్తుంది. ఆ నవ్వు వచ్చిన క్షణంలోనే పాఠం చెప్పాలి. అయిదు వందల నోటును మార్చి నాలుగు వందలు, తొమ్మిది పదులు, పది రూపాయల చిల్లర చేస్తే పలక మీద అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో చేతికే తెలుస్తుంది.

భిన్నాల సంగతికి వస్తే పాతకాలపు మాటలు వదులుకోవడం తెలివైన పని కాదు. కుంచానికి నాలుగు మానికలు, మానికకు నాలుగు సోలలు. ముప్పావు కుంచమంటే మూడు మానికలని ముసలమ్మలకు ఆలోచించకుండానే తెలుసు. పావు, అర, పరక, వీసం అని వరసగా చెబితే నాలుగో వంతు, రెండో వంతు, ఎనిమిదో వంతు, పదహారో వంతు ఎదురుగా కనబడతాయి. ఇప్పుడు మెట్రిక్ కొలతలు, పైగా 2020-21 నుంచి ఒక పుట తెలుగు, ఎదురు పుట ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు. ఇంట్లో ముప్పావు అన్న పిల్లవాడు బడిలో త్రీ బై ఫోర్ అంటాడు. రెండూ ఒకటేనని చెప్పడం పంతులుగారి పని. కుంచం కనబడని ఇళ్లలో లీటరు పాలసీసా చాలు.

దశాంశాలు మన జిల్లాకు ఉత్త పాఠం కాదు. గోదావరి వరదలో ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండవది 13.75కు, మూడవది 17.75కు ఇస్తారు. 13.8 పెద్దదా, 13.75 పెద్దదా అని ఆరో తరగతిలో అడిగితే, 8 కంటె 75 పెద్దది గనుక 13.75 పెద్దదనే పిల్లలు తక్కువ కాదు. నీటిమట్టం 13.8 అన్నారంటే రెండో హెచ్చరిక దాటిపోయిందని అర్థం, లంకలో సామాను సర్దుకునే వేళ అది. పెద్దల్లోనూ 11.75 అడుగులంటే పదకొండు అడుగుల ఏడున్నర అంగుళాలని పొరబడేవారు కద్దు. ముప్పావు అడుగు తొమ్మిది అంగుళాలు. వానాకాలంలో రోజూ వచ్చే మట్టం వార్తను తరగతి గోడమీద రాయించి, నిన్నటికీ నేటికీ తేడా తీయమంటే దశాంశాల తీసివేతకు వేరే అభ్యాసం అక్కర్లేదు.

ఉపాధ్యాయుల ఇబ్బందులు లేవనడం అన్యాయం. ఒక్క టీచరు అయిదు తరగతులు చూసే బళ్లున్నాయి. పాఠంకంటె ఫోటోలు, రిపోర్టులు పంపడానికే పొద్దు గడిచిపోతోందని వారు మొరపెట్టుకోవడంలో నిజమున్నది. అయినా రోజుకు ఇరవై నిమిషాలు పాత లెక్కలకు కేటాయించడం ఆ ఇబ్బందుల మధ్యకూడా సాధ్యమే. పెద్ద తరగతి పిల్లలు చిన్నవారి నోటిలెక్కలు చూడవచ్చు. వీధిబడుల కాలం నుంచీ ఉన్న పద్ధతే అది.

ఇళ్లలో తల్లులు తమకు చదువు రాదని వెనకాడనవసరం లేదు. నాన్న తెచ్చిన కూలి ఎంత, నూనెకు ఎంత పోయింది, ఎంత మిగిలింది అని అడిగి, దాన్ని పలక మీద వేసి చూపించమనడానికి అక్షరం ముక్క రానక్కర్లేదు. నోటితో చెప్పినదీ, పలక మీద వేసినదీ ఒకటి కాకపోతే ఆ పలకను చెరపకుండా మర్నాడు బడికి పంపాలి.

2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయిన తరువాత విద్యాశాఖ పనులకు కాకినాడ పోవలసిన అవసరం తప్పింది. అమలాపురంలోని అధికారులు చేయదగిన పని ఒకటున్నది. స్కూల్ కాంప్లెక్సు సమావేశాలకు వచ్చే ప్రతి టీచరు సర్క్యులర్ల నకళ్లతో పాటు తన తరగతి పిల్లలు తప్పు చేసిన పది నోటుబుక్కులు తీసుకురావాలని చెప్పాలి. ఎవరి పిల్లలు ఎక్కువ తప్పారని పోల్చి మెమోలు ఇవ్వడానికి మాత్రం కాదు. అలా చేస్తే మరుసటి నెలకు తప్పులున్న పుస్తకాలు ఒక్కటీ రావు. ఏ తప్పు వెనుక ఏ సూత్రమున్నదో నలుగురూ కూర్చుని తేల్చుకోవాలి. జూన్‌లో బళ్లు తెరిచిన మొదటి రెండు వారాలు కొత్త పుస్తకం ముట్టకుండా పాత తరగతి లెక్కలే చేయించే వీలు కూడా టీచర్లకు ఇవ్వాలి. దీనికి నిధులు అక్కర్లేదు, జీవో కోసం ఎదురుచూడనూ అక్కర్లేదు, వచ్చే సమావేశం నుంచే మొదలుపెట్టవచ్చు.