సీతాఫలం ఐస్‌క్రీం, రెండొందల యాభై రూపాయలు

మొజంజాహీ మార్కెట్ దాకా వెళ్ళి సీతాఫలం ఐస్‌క్రీం తినకుండా రావడం నా వల్ల కాదు. 2008 అక్టోబరులో ఓ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని, అలవాటు ప్రకారం అక్కడ కూలబడ్డాను. ఒక కప్పు తినేసి లేస్తే సరిపోయేది. రెండోది కూడా చెప్పాను. తీరా నడుచుకుంటూ నాంపల్లి స్టేషన్ చేరేసరికి ఎమ్‌ఎమ్‌టీఎస్ కదలడానికి సిద్ధంగా ఉంది. టికెట్టు కొంటే బండి పోతుంది, బండెక్కితే టికెట్టు లేదు. ఎక్కేశాను. "మనల్ని ఎవడడుగుతాడులే" అని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు!

అడిగాడు. దిగిన స్టేషన్‌లో మెట్ల దగ్గరే టీసీ నిలబడి ఉన్నాడు. నాతో పాటు దొరికిన ఇంకో కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "అన్నా, నా దగ్గర నలభై రూపాయలే ఉన్నయి. కేసు రాస్తరా? జైల్ల ఏస్తరా?" అని నన్నడుగుతూనే ప్లాట్‌ఫామ్ చివర్న పట్టాలకేసి చూస్తున్నాడు. పరిగెత్తాలని చూస్తున్నాడని అర్థమై భుజమ్మీద చెయ్యేసి ఆపాను. అవతలి పట్టాల మీద బండి వస్తోంది మరి.

ఇద్దరిదీ నేనే కట్టాను. టీసీ మర్యాదగానే రసీదు రాసిచ్చాడు. ఇంటికొచ్చాక, అసలు చట్టమేమంటుందో చూద్దామని రైల్వే చట్టం తీశాను. 1989 నాటిది. ఇందులో మనలాంటివాళ్ళు కలగాపులగం చేసేసుకునే సెక్షన్లు రెండున్నాయి.

137వ సెక్షన్ మోసం గురించి. రైల్వేని మోసగించాలనే ఉద్దేశంతో టికెట్టు లేకుండా వెళ్ళినా, వాడేసిన టికెట్టు మళ్ళీ వాడినా నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణాలుంటే తప్ప ఐదొందలకి తగ్గకూడదు. 138వ సెక్షన్‌లో ఉద్దేశం ప్రసక్తి లేదు. టికెట్టు లేదు కాబట్టి ప్రయాణ ఛార్జీ, దానికి తోడు అంతే మొత్తమో, 250 రూపాయలో, ఏది ఎక్కువైతే అది కట్టాలి. మొదట్లో ఇది యాభై రూపాయలే, 2004లో 250 చేశారు. కట్టేసి రసీదు తీసుకుంటే అక్కడితో సరి. అది శిక్ష కాదు, మన మీద కేసూ కాదు. మా భాషలో చెప్పాలంటే మొదటిది హ్యాకింగ్, రెండోది ఎర్రర్ హ్యాండ్లింగ్.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. టికెట్టు కొనే వ్యవధి లేకపోతే ముందుగానే గార్డుకి చెప్పి, తర్వాత ఛార్జీ కడతానని అనుమతి పత్రం తీసుకోవచ్చు. అది చేతిలో ఉంటే ఆ అదనపు వడ్డన ఉండదు. లోకల్ బండి ఆగే అర నిమిషంలో ఇది అయ్యే పనేనా అంటే, హ్మ్... కష్టమే. కానీ దూరప్రయాణాల్లో పనికొస్తుంది.

కాబట్టి నా మొదటి మాట: దొరికితే పరిగెత్తొద్దు, దబాయించొద్దు, రసీదు లేకుండా సగానికి బేరమాడొద్దు. మొదటిది ప్రాణానికి ముప్పు, రెండోది 138తో పోయేదాన్ని 137 దాకా లాగగలదు, మూడోది లంచం. తప్పు చేశాం, కట్టేద్దాం.

రెండో మాట చట్టం గురించి. ఆ 250 నాకు రెండు సినిమా టికెట్లు. ఆ కుర్రాడికి అప్పట్లో వారం రోజుల మెస్సు ఖర్చు. డబ్బు కట్టకపోతే వ్యవహారం మేజిస్ట్రేటు దగ్గరికెళ్తుంది. అక్కడా కట్టలేకపోతే జైలుకి పంపొచ్చు, పంపితే పది రోజులకి తక్కువ కాకుండా, నెల దాకా. అంటే ఒకే తప్పుకి జేబులో డబ్బున్నవాడు ఐదు నిమిషాల్లో ఇంటికి, లేనివాడు పది రోజులు లోపలికి! ఇద్దరిలో మోసగాడెవడన్న ప్రశ్నే రాలేదు చూశారా? నిజానికి "ఎవడడుగుతాడులే" అనుకున్నది నేను.

ఇదే ఊళ్ళో సిగ్నల్ దాటితే ట్రాఫిక్ పోలీసులు చలానా పంపిస్తారు, కట్టడానికి వ్యవధి ఉంటుంది. రైల్లో మాత్రం అక్కడికక్కడే ఎందుకు తేలాలి? బండికి నంబరు ప్లేటుంటుంది, మనిషికి ఉండదు కదా, తప్పుడు పేరు చెప్తే ఏంగతి అంటారు. నిజమే. కానీ ఇవాళ ఫోన్ నంబరుకి ఓటీపీ పంపి సరిచూసుకోవడం ఎంతపని? పదిహేను రోజుల గడువిచ్చి, అప్పటికీ కట్టకపోతే కోర్టుకి లాగండి. కొందరు ఎగ్గొడతారు, కాదనను. ఆ నష్టం కంటే, కట్టే ఉద్దేశం ఉన్నవాణ్ణి పది రోజులు జైల్లో పెట్టే నష్టం నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

అన్నట్టు, ఆ కుర్రాడు నా నంబరు తీసుకున్నాడు. మళ్ళీ కనపడడనుకున్నాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి, వచ్చి నూట యాభై ఇచ్చాడు. మిగతాది ఇంకో నెలకి. వద్దంటే వినలేదు.

వాడికి గడువిచ్చింది నేను, చట్టం కాదు. మీరేమంటారు?